ఆటలు నేర్పు అప్రమత్తత

(గ్రామమున ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, యువజనులు కూడిన సభలో చేసిన ప్రసంగపాఠము)



పంట, నీరు, వైద్యము, రుణము మొదలగు విషయములు ఇన్ని యుండగా, పెద్దల సభలో పిల్లల ఆటలను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఒక్క సంగతి ఆలోచింపుడు. ఎద్దుబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచును. మన తాతముత్తాతల కన్నును, చేయియు ఆ వేగమునకు అలవాటు పడినవి. నేడు గ్రామము నడుమనుండి పోవు తారురోడ్డుపై మోటారు సైకిళ్ళు, ఆటోలు, లారీలు అంతకు పదింతల వేగముతో పోవుచున్నవి. పొలమున ట్రాక్టరు, కళ్ళమున నూర్పిడి యంత్రము, పశువుల కొట్టమువద్ద గడ్డి కత్తిరించు యంత్రము తిరుగుచున్నవి. వేగము పదింతలు పెరిగినను మన దేహము మాత్రము పూర్వపు దేహమే. ఆ దేహమునకు ఎంత చురుకుదనము సాధ్యము, దానిని ఆటలతో ఎంతవరకు పెంపొందించుకొనవచ్చును, ఎక్కడ దానిపై ఆధారపడరాదు అను మూడు సంగతులను తెలిసికొనుట ఇపుడు ప్రాణావసరము. అందువలననే ఈ విషయమును మీ ముందుంచుచున్నాము.

చూచుటకును చేయుటకును నడుమ

ఎదుట ఒక వస్తువు కదలినది. వెంటనే చేయి చాచి పట్టుకొంటిమి. ‘వెంటనే’ అని మనము అనుకొందుము గాని అది నిజముగా వెంటనే జరుగలేదు. వెలుతురు కంటిలో ప్రవేశించి, కంటి లోపలి పొర దానిని నాడీ సంకేతముగా మార్చవలెను. ఆ సంకేతము మెదడును చేరవలెను. అది ఏమియో మెదడు గ్రహించి, ఏమి చేయవలెనో నిశ్చయించి, ఆజ్ఞను వెన్నుపాముద్వారా చేతి కండరములకు పంపవలెను. కండరము బిగిసిన పిదపనే చేయి కదలును. ఈ ప్రయాణమునకు పట్టు కాలమునే ప్రతిస్పందన కాలము అందురు. ఆరోగ్యవంతుడగు యువకునికి, ముందుగా సిద్ధముగా నుండి చూచినపుడు, ఇది సుమారు సెకనులో అయిదవ వంతు, లేక కొంచెము ఎక్కువ. చెవితో విన్న దానికి ఇంకను కొంత తక్కువ పట్టును. ఏలయన చెవి తన పనిని కంటికంటె త్వరగా ముగించును.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. కాలిన కుండకు వ్రేలు తగిలినచో మనము ఆలోచింపకమునుపే చేయి వెనుకకు వచ్చును. ఆ ఆజ్ఞ మెదడునుండి గాక వెన్నుపామునుండియే వచ్చును. దానికి అభ్యాసము అక్కరలేదు. మనము చెప్పుకొనుచున్న చురుకుదనము వేరు. అందు మెదడునకు పని యున్నది. మెదడునకు పని యున్నందుననే అభ్యాసమునకు తావున్నది.

పూర్వము నాడులలో సంకేతము పోవు వేగమును కొలుచుట అసాధ్యమని శాస్త్రజ్ఞులు పలువురు తలచిరి. జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్‌జ్ 1850 ప్రాంతమున కప్ప కాలి నాడిపై ప్రయోగములు చేసి, ఆ వేగము సెకనుకు సుమారు 27 మీటర్లు మాత్రమేనని చూపెను. మనుష్యుని పెద్ద నాడులలో వేగము ఇంతకంటె ఎక్కువ. అయినను అది మెరుపు వేగము కాదు. మన దేహములో కబురు పోవుటకు సమయము పట్టునని ఆనాడు లోకమునకు తెలిసినది.

ఉద్యోగము పోగొట్టుకొన్న సహాయకుడు

ఈ సంగతి తెలియక పూర్వము ఒకనికి జరిగిన అన్యాయమును చెప్పుదుము. ఇంగ్లండులోని గ్రీనిచ్ నక్షత్రశాలలో మాస్కెలిన్ అను పండితుడు అధికారిగా నుండెను. దూరదర్శినిలో కట్టిన సన్నని దారమును నక్షత్రము దాటు క్షణమును, గడియారపు టిక్కు టిక్కు శబ్దము వినుచు గుర్తించుట అచటి పని. ఆయన సహాయకుడగు కిన్నెబ్రూక్ గుర్తించిన కాలము, ఆయన గుర్తించిన కాలముకంటె సుమారు 0.8 సెకను వెనుకబడుచుండెను. ఎంత చెప్పినను భేదము పోలేదు. 1796లో మాస్కెలిన్ ఆ సహాయకుని పనినుండి తొలగించెను.

కొన్ని సంవత్సరములకు పిమ్మట బెసెల్ అను జర్మను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ వృత్తాంతమును చదివి, తన గుర్తింపులను ఇతర శాస్త్రజ్ఞుల గుర్తింపులతో పోల్చి చూచెను. గొప్ప పండితుల నడుమను ఇట్టి భేదమే కనబడెను. ఎవరి పద్ధతి వారిది, ఎవరి కాలము వారిది. అది నిర్లక్ష్యమును కాదు, సోమరితనమును కాదు.

ఉపాధ్యాయ మిత్రులు, తల్లిదండ్రులు ఈ కథను మనసున నుంచుకొనవలెనని మా ప్రార్థన. ప్రశ్న అడిగిన క్షణమున చేయి ఎత్తని బాలుడు మందమతి కాడు. బంతిని జారవిడిచిన బాలిక పనికిమాలినది కాదు. పిల్లల ప్రతిస్పందన కాలము పెద్దలకంటె సహజముగా ఎక్కువ. వయసుతో అది తగ్గుచు వచ్చి, ఇరువది ఏండ్ల ప్రాంతమున మిక్కిలి తక్కువగా నుండి, పిదప మెల్లమెల్లగా పెరుగును. కొందరికి దృష్టిలోపము వలనను, వినికిడి లోపము వలనను, రక్తహీనత వలనను, నిద్రలేమి వలనను మందగింపు కలుగును. అట్టి బిడ్డకు కావలసినది దండన కాదు, వైద్య పరీక్ష.

అడుగుబద్దతో పరీక్ష

చురుకుదనమును కొలుచుటకు విలువగల యంత్రము అక్కరలేదు. బడిలోని 30 సెంటీమీటర్ల అడుగుబద్ద చాలును. ఒకరు బద్దను పైకొనవద్ద పట్టుకొని నిలువుగా వ్రేలాడదీయవలెను. రెండవవారు బొటనవ్రేలిని, చూపుడు వ్రేలిని సున్న అంకె వద్ద బద్దకు తగులకుండ ఎడముగా నుంచవలెను. మొదటివారు చెప్పకుండ బద్దను విడువవలెను. రెండవవారు పట్టుకొన్నచోట ఎన్ని సెంటీమీటర్లున్నవో చూడవలెను.

జారవిడిచిన వస్తువు భూమి ఆకర్షణవలన ఒక నియమము ప్రకారము పడును. కనుక దూరమునుబట్టి కాలము తెలియును. 10 సెంటీమీటర్ల వద్ద పట్టుకొన్నచో 0.14 సెకను. 15 వద్ద 0.17 సెకను. 20 వద్ద 0.20 సెకను. 25 వద్ద 0.23 సెకను. 30 వద్ద 0.25 సెకను. బద్ద చేజారిపోయినచో అంతకంటె ఎక్కువ. ఒక్కసారి చూచి నిర్ణయింపరాదు. పదిసార్లు చేసి సగటు కట్టవలెను. ఎవరైన 5 సెంటీమీటర్లలోపల పట్టుకొన్నచో అది చురుకుదనము కాదు, విడుచుటకు ముందే ఊహించి వ్రేళ్ళు మూసిరని తెలిసికొనవలెను. అంతర్జాతీయ పరుగుపందెములలోను ఇదే నీతి. తుపాకి శబ్దము తరువాత 0.1 సెకను గడువకమునుపే కదలినవానిని తప్పు ఆరంభము చేసినవానిగా లెక్కింతురు. అంత త్వరగా విని కదలుట మనుష్యునికి సాధ్యము కాదని వారి భావము.

మరియొక పరీక్షను తరగతి అంతయు కలసి చేయవచ్చును. ఇరువదిమంది పిల్లలు వలయముగా నిలిచి చేతులు పట్టుకొని కన్నులు మూసికొనవలెను. ఒకరు ప్రక్కవారి చేతిని నొక్కగా, వారు తమ ప్రక్కవారి చేతిని, ఇట్లు ఆ నొక్కు వలయము చుట్టి మొదటివారిని చేరువరకు పట్టిన కాలమును గడియారముతో చూడవలెను. దానిని ఇరువదిచే భాగించినచో ఒక్కొక్కరి కాలము సగటున తెలియును. ఇందు ఎవరును గెలువరు, ఎవరును ఓడరు. తెలిసినది తరగతి యంతటి చురుకుదనము. లెక్కల పాఠము, శరీర శాస్త్ర పాఠము, ఆట మూడును ఒక్కచోట ముగియును.

దారి ఒకటియా, రెండా?

ఇంతవరకు చెప్పినది ఒకే సంకేతము, ఒకే జవాబు గల పరీక్ష. జీవితమున సంకేతములు పలువిధములుగా వచ్చును. ఎదుట కుక్క అడ్డము వచ్చినపుడు ఆగవలెనా, తప్పుకొనవలెనా? కుడికా, ఎడమకా? ఈ ఎన్నికకు ఎంత కాలము పట్టునో నెదర్లాండ్సు దేశస్థుడగు డాండర్స్ అను వైద్యశాస్త్రజ్ఞుడు కొలిచెను. ఆయన ఫలితములు 1868లో వెలువడినవి. కుడికాలికి తాకిడి కలిగినచో కుడిచేతితోను, ఎడమకాలికి కలిగినచో ఎడమచేతితోను జవాబు తెలుపవలెను. ఏ కాలికి కలుగునో ముందుగా తెలిసినప్పటికంటె, తెలియనప్పుడు సెకనులో సుమారు పదునైదవ వంతు ఎక్కువ పట్టినది. ఆ అదనపు కాలము ఎన్నుకొనుటకు మెదడు తీసికొన్న కాలము. దారులు పెరిగినకొలది ఈ కాలము పెరుగునని తరువాతి పరిశోధకులును స్థిరపరచిరి.

ఈ ప్రసంగమంతటికి కీలకమిచటనే యున్నది. బద్దను పట్టుకొను కాలమును అభ్యాసముతో మనము తగ్గింపగలిగినది కొంచెమే. అది చాలవరకు పుట్టుకతోను, వయసుతోను వచ్చినది. కాని ఏమి రాబోవుచున్నదో ముందుగా పసిగట్టుట, పనికిరాని సంకేతమును విడిచి పనికివచ్చు దానిని గమనించుట, సరియైన దారిని ఎన్నుకొనుట, తప్పు సంకేతమునకు కదలక నిలుచుట — ఇవి అభ్యాసముతో చాల పెరుగును. ఆటకాని గొప్పతనము నరముల వేగములో కంటె అతని చూపులో ఎక్కువగా నున్నది. దానినే మేము అప్రమత్తత యనుచున్నాము.

మన ఆటలలోని విద్య

ఈ దృష్టితో చూచినచో మన గ్రామపు ఆటలు ఎంత తెలివితో ఏర్పడినవో తెలియును.

చెడుగుడును తీసికొందము. దీనినే దేశమంతట కబడ్డీ యనుచున్నారు. కూతకు వచ్చినవాడొక్కడు, ఎదుట ఏడుగురు. నేటి పోటీలలో కూత 30 సెకనులలో ముగియవలెను. కూతగాడు ఏడుగురి చేతులను, కాళ్ళను ఒక్క చూపులో నిలుపుకొనవలెను. ఒకవైపు పోవునట్లు కనబడి మరొకవైపు కాలు చాపుట అతని విద్య. ఆ నటనకు మోసపోక నిలిచి, నిజముగా కాలు చాచిన క్షణమున పట్టుట ఎదుటివారి విద్య. కాలిని మాత్రమే చూచువాడు మోసపోవును. నడుము ఏవైపు వ్రాలుచున్నదో చూచువాడు ముందుగా గ్రహించును. ఈ ఆట 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పోటీగా చేరగా ఆ సంవత్సరమే భారతదేశము బంగారు పతకము గెలుచుకొన్నది. 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్త్రీల పోటీయు ఆరంభమై, ఆ పతకమును మన దేశమునకే దక్కినది. మట్టిలో గీత గీసికొని ఆడిన ఆట అంతదూరము పోయినది.

ఖో-ఖోలో విద్య వేరు. ఎనిమిదిమంది వరుసగా ఒకరు ఇటు, ఒకరు అటు ముఖము పెట్టి కూర్చుందురు. వెనుకనుండి వీపు తట్టి ‘ఖో’ అన్నప్పుడే లేవవలెను. కన్ను చూచుచుండగా పరుగెత్తువాడు ఎదుటనే పోయినను, ఖో లేనిదే లేచినచో తప్పు. చెవికిని, స్పర్శకును చురుకుదనమిచ్చుచు, కాళ్ళను అదుపులో నుంచుట నేర్పు ఆట యిది. 2025 జనవరిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఖో-ఖో ప్రపంచ కప్ పోటీలలో మన దేశపు పురుషులు, స్త్రీలు ఇరువురును విజేతలైరి.

అచ్చనగాయలను ఆడపిల్లల కాలక్షేపమని తేలికగా చూచువారు ఒక లెక్కను గమనింపవలెను. అర మీటరు ఎత్తునకు ఎగురవేసిన కాయ పైకిపోవుటకు సుమారు 0.32 సెకను, క్రిందికి వచ్చుటకు 0.32 సెకను పట్టును. మొత్తము 0.64 సెకను. ఆ వ్యవధిలో నేలపైనున్న నాలుగు కాయలను ఒక్క ఊడ్పున చేత జిక్కించుకొని, ప్రక్కవాటిని కదలింపక, పైనుండి వచ్చుచున్న దానిని అదే చేతితో పట్టవలెను. చూపు పైన, చేయి క్రింద, లెక్క మనసులో. అరుగుమీద కూర్చుండి పదేండ్ల బాలిక చేయు ఈ పని సామాన్యమైనది కాదు.

చిన్న పిల్లలకు చెరువు–గట్టు ఆట మేలు. నేలపై గీత గీసి ఒకవైపు చెరువని, ఒకవైపు గట్టని పేరు పెట్టి, పెద్దవారొకరు ‘చెరువు’, ‘గట్టు’ అని పిలుచుచుండగా అటునిటు దుమకవలెను. గట్టుపై నున్నవారిని ‘గట్టు’ అని పిలిచినచో కదలక నిలువవలెను. తొందరపడినవాడు చెరువులో పడి నవ్వులపాలగును. ‘కాకి ఎగిరెను, పిచ్చుక ఎగిరెను, గేదె ఎగిరెను’ అని పలుకుచు చేతులెత్తించు ఆటయు ఇట్టిదే. గేదెకు చేయి ఎత్తకుండుటలోనే విద్య యున్నది. త్వరగా చేయుట ఎంత అవసరమో, చేయరాని చోట ఆగుటయు అంత అవసరమని ఈ ఆటలు నవ్వుచు నవ్వించుచు నేర్పును.

ఏడుపెంకులాట, బంతి విసురుట, గోలీలు, తాడాట — ఒక్కొక్కటి కంటికిని చేతికిని, లేక చెవికిని కాలికిని పొత్తు కుదుర్చును. బిళ్ళంగోడు ఆటలో గాలిలో లేచిన బిళ్ళను కొట్టుట గొప్ప నేర్పు. కాని మొన దేరిన బిళ్ళ కంటికి తగిలి చూపు పోవు ప్రమాదమున్నది. కొనలను నునుపు చేయించి, చూచువారిని దూరముగా నిలిపి, ఇండ్ల నడుమ గాక బయలునందే ఆడింపవలెను.

సెల్‌ఫోనులోని ఆటలు

మా అబ్బాయి సెల్‌ఫోనులో ఆడుచున్నాడు, వాని వ్రేళ్ళు ఎంత చురుకో చూడుమని కొందరు తల్లిదండ్రులు సంతోషింతురు. ఆ సంతోషమును పూర్తిగా కాదనము. తెరపై బొమ్మ మారిన వెంటనే వ్రేలు నొక్కు ఆటలతో చురుకుదనమును కొలువవచ్చును. ఆడిన కొలది ఆ ఆటలో వేగమును పెరుగును. కాని ఒక పనియందలి అభ్యాసము ముఖ్యముగా ఆ పనికే ఉపకరించును. తెరపై బంతిని తప్పించుకొన్నవాడు రోడ్డుపై లారీని తప్పించుకొనగలడని తలచుట పొరపాటు. తెరయందు గాలి లేదు, దూరము లేదు, మలుపులో కాలు జారుట లేదు, ప్రక్కవాని ఊపిరి లేదు. కూర్చుండి ఆడిన ఆటకు గుండెయు ఊపిరితిత్తులును బలపడవు. రాత్రి నిద్ర చెడిన మరునాడు చురుకుదనము మందగించును. కావున ఆ ఆటకు కాలపరిమితి యుండవలెను. సాయంకాలపు బయలాటకు అది బదులు కారాదు.

చురుకుదనమునకు హద్దు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. చురుకుదనము ఎంత పెరిగినను దానికి హద్దున్నది. యువకులు ఈ భాగమును శ్రద్ధగా వినవలెను.

సిద్ధముగా నుండి బద్దను పట్టుటకు 0.2 సెకను. రోడ్డుపై మనము అట్లు సిద్ధముగా నుండము. ఊహింపనిది ఎదురైనపుడు చూచి, గ్రహించి, నిశ్చయించి, బ్రేకుపై కాలు వేయునప్పటికి సాధారణముగా ఒక సెకనో, అంతకంటె ఎక్కువయో గడచును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో 11 మీటర్లు సాగును. 60 కిలోమీటర్ల వేగమున సుమారు 17 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగమున 22 మీటర్లు. ఇది బ్రేకు పడకమునుపు పోవు దూరము మాత్రమే. బ్రేకు పడిన పిదప ఆగుటకు పట్టు దూరము వేరు. వేగము రెండింతలైనచో ఆ దూరము నాలుగింతలగును. 60 కిలోమీటర్ల వేగమున పోవుచు సెల్‌ఫోనును అయిదు సెకనులు చూచినవాడు 83 మీటర్లు గ్రుడ్డివానివలె పోయినట్లే. కబడ్డీలో ఎంతటి వీరుడైనను ఆ 83 మీటర్లను తిరిగి సంపాదింపలేడు.

మత్తుపానీయము, నిద్రమత్తు, అలసట ఈ మూడును ప్రతిస్పందన కాలమును పెంచును. త్రాగినవానికి తన చురుకుదనము పెరిగినట్లు తోచును. అదే అందలి మోసము. అందుచేత ముందు పోవు బండికి కనీసము రెండు సెకనుల ఎడమును, వానలోను చీకటిలోను ఇంకను ఎక్కువ ఎడమును ఉంచవలెను. ముందు బండి ఒక కరెంటు స్తంభమును దాటినది మొదలు మన బండి దానిని దాటువరకు లెక్కించినచో ఎంత ఎడమున్నదో తెలియును. శిరస్త్రాణము ధరింపవలెను. చురుకుదనము విఫలమైన క్షణమున తలను కాపాడునది అదే.

యంత్రముల వద్దను ఇదే లెక్క. నిమిషమునకు 300 చుట్లు తిరుగు చక్రము 0.2 సెకనులో ఒక పూర్తి చుట్టు తిరిగివచ్చును. చీరకొంగో, చొక్కా చేయియో, పైపంచెయో చిక్కినదని మెదడునకు తెలియునప్పటికి చక్రము తన పనిని చేసి ముగించును. కాన యంత్రమునకు కప్పు నుంచుట, వదులైన బట్టలను బిగించుకొనుట, శుభ్రపరచుటకు ముందు యంత్రమును ఆపుట తప్పనిసరి. ‘నా చేయి చురుకైనది’ అను ధైర్యము ఇచట పనికిరాదు.

చిన్న పిల్లలు ఎదుటినుండి వచ్చు బండి వేగమును పెద్దలవలె అంచనా వేయలేరు. ఆటలలో ఎంత చురుకైనవారైనను రోడ్డు దాటుటలో వారిని ఒంటరిగా విడువరాదు. బంతి రోడ్డుమీదికి దొర్లినచో దాని వెనుక పరుగెత్తరాదను నియమమును ప్రతి ఆటకు మొదటి నియమముగా చేయవలెను. బంతి పోయినచో మరియొకటి కొనవచ్చును.

ఆడపిల్లలు, వృద్ధులు

పండ్రెండు, పదమూడు ఏండ్లు రాగానే ఆడపిల్లను ఆటనుండి తొలగించు అలవాటు అనేక గ్రామములలో ఇంకను పోలేదు. ఆమె పొలమున పనిచేయవలదా? రోడ్డు దాటవలదా? స్కూటరు నడుపవలదా? యంత్రముల వద్ద నిలువవలదా? అన్నదమ్ములకు కావలసిన అప్రమత్తత అక్కచెల్లెండ్రకును కావలెను. మన తెలుగు బిడ్డ పి.వి.సింధు 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో బాడ్మింటన్ ఆడి వెండి పతకమును, 2021లో టోక్యోలో కంచు పతకమును గెలిచెను. పతకము అందరికి రాదు. మైదానమున నిలుచు హక్కు మాత్రము అందరికి ఉండవలెను.

వృద్ధులకును ఈ విషయమున భాగమున్నది. వయసుతో ప్రతిస్పందన కాలము పెరుగును. కాలు తట్టుకొన్నపుడు రెండవ కాలు వెంటనే ముందుకు పడనిచో మనిషి పడిపోవును. మనుమలతో కూర్చుండి మెత్తని బంతిని విసరి పట్టుకొనుట, గోడకు దాపుగా నిలిచి పిలుపుననుసరించి కుడికి ఎడమకు అడుగు వేయుట వంటి తేలిక ఆటలు వారికి మేలు చేయును. తల తిరుగువారు, గుండె జబ్బు గలవారు ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని సలహా గైకొనవలెను.

గ్రామము చేయవలసినది

ఇన్ని చెప్పిన పిదప మేము కోరునది కొంచెమే. మొదటిది, ఆటస్థలము. అనేక గ్రామములలో పిల్లలు ఆడిన బయలు ఇటుకలతోను, కంపతోను, ఆక్రమణలతోను నిండిపోవగా పిల్లలు రోడ్డునే ఆటస్థలముగా చేసికొన్నారు. ఆటస్థలము లేని గ్రామమున రోడ్డు ప్రమాదమును గూర్చి పిల్లలకు నీతులు చెప్పుట న్యాయము కాదు. రోడ్డునకు దూరముగా కబడ్డీ బరికి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, చుట్టును కొంత ఖాళీ యున్నచో చాలును. దానిని గ్రామసభలో తీర్మానించి, రాళ్ళు ఏరి, ముండ్లు తీసి, సున్నపు గీతలు గీయుట ఒక ఉదయపు శ్రమదానము.

రెండవది, సమయము. బడి విడిచిన పిమ్మట అరగంట, సూర్యాస్తమయమునకు ముందు, పెద్దవారొకరి సమక్షమున పిల్లలు ఆడుటకు ఇంటి పనులనుండి విడుదల కావలెను. మూడవది, పరీక్ష. మూడు మాసములకు ఒకమారు బడిలో అడుగుబద్ద పరీక్ష చేసి ప్రతి విద్యార్థి సగటును వానికే చూపవలెను. ఒకరితో ఒకరిని పోల్చుటకు కాదు, తన నిన్నటితో తన నేటిని పోల్చుకొనుటకు. అకస్మాత్తుగా మందగించినవారిని కంటి, చెవి పరీక్షలకు పంపవలెను. నాలుగవది, యువజనులు వాహనములు నడుపుటలో పైన చెప్పిన ఎడమును, శిరస్త్రాణమును నియమముగా పాటించి చిన్నవారికి మార్గదర్శకులు కావలెను.

ఆట పిల్లవానికి రెండు పాఠములు చెప్పును. కన్ను తెరచియుండుము, అవకాశము వచ్చినపుడు ఆలసింపకుము అనునది మొదటిది. నీ చేయి ఎంత దూరము పోగలదో తెలిసికొనుము, అంతకు మించి సాహసింపకుము అనునది రెండవది. మొదటి పాఠము మాత్రమే నేర్చినవాడు చురుకైనవాడగును. రెండును నేర్చినవాడు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరును. మన పిల్లలందరు రెండును నేర్చునట్లు చేయుట మన చేతులలోనున్నది. వచ్చు గ్రామసభలో ఆటస్థలము మాట మొదటి అంశముగా నుండునని ఆశించుచున్నాము.